బుడమేరులో జమ్ము మొత్తం పీకేయమని సంతకాలు అడుగుతున్నారు. పెట్టాలా, వద్దా?

రెండో వీధి టీచరమ్మ:

మాది విజయవాడ సింగ్‌నగర్ అవతల, బుడమేరు ఏటి కట్టకి రెండు వీధుల దూరం. 2024 సెప్టెంబరు వరద సంగతి ఇక్కడ చాలామందికి కొత్తగా చెప్పక్కర్లేదు. మా కింద వాటాలో నీళ్ళు కిటికీల పైకి వచ్చేశాయి. నీళ్ళు తీశాక లోపలికి పోదామంటే ఫ్రిజ్ తేలి తేలి వచ్చి వంటగది గుమ్మానికి అడ్డం పడుంది. పక్కింటి అబ్బాయి కిటికీ ఊచలు కోసి లోపలికి దూకితే గానీ తలుపు రాలేదు. గోడ మీద బురద గీత ఇంకా ఉంది. సున్నం వేయించినా వాన పడితే పైకి తేలుతుంది.

ఇప్పుడు మా కాలనీ సంఘం వాళ్ళు ఒక అర్జీ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: రామవరప్పాడు వరకు బుడమేరులో జమ్ము, తుమ్మ, చెట్టూ చేమా ఒక్కటి లేకుండా తీసేయాలి, అడుగు చదును చేయాలి, రెండు పక్కలా కృష్ణలంకలో నది ఒడ్డున కట్టినట్టు కాంక్రీటు గోడ లేపాలి. మా వీధిలో దాదాపు అందరూ పెట్టేశారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆదివారం దాకా టైమివ్వమన్నాను. "టీచరమ్మా, మీ ఇల్లు మునగలేదా?" అన్నారు. మునిగింది కాబట్టే చదివి పెడతానన్నాను.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా డాబా మీద నుంచి చూస్తే ఆ జమ్ములో ఏముందో కనిపిస్తుంది. నీలం రంగు జమ్ముకోళ్ళు, నుదుటి మీద ఎర్రటి బిళ్ళతో. పొద్దున్నే చూడాలి వాటిని. జమ్ము కాడని ముక్కుతో లాగి, ఒక కాలి వేళ్ళతో పట్టుకుని, మనం చెరకు గడ నమిలినట్టు లోపలి తెల్లటి బెండు మాత్రం తిని పిప్పి పడేస్తాయి. వానాకాలంలో నల్లటి పిల్లలు వెనకాల బారుగా నడుస్తాయి. బుడుబుంగలు, లకుముకి పిట్టలు, కొంగలు సరేసరి. వంగిన ఈత చెట్టుకి గిజిగాడి గూళ్ళు నీళ్ళ మీదకి వేలాడుతుంటాయి. మొన్న వేసవిలో వంతెన దగ్గర పొక్లెయిన్ పెట్టి పూడిక తీస్తుంటే బకెట్‌లో బురదతో పాటు తాబేలు వచ్చింది. ఆపరేటర్ కుర్రాడు మంచివాడు, మిషన్ ఆపి దిగి దాన్ని చేత్తో తీసి పక్కన పెట్టాడు. కానీ ఆ బకెట్ పళ్ళకి తగిలి డొప్ప పగిలినవి ఇంకో రెండు మట్టి కుప్పలో కనిపించాయి.

పిట్టల కోసం మనుషులు మునగాలా అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. ఆ ప్రశ్న నాకూ ఉంది. అందుకే విషయం తెలిసినవాళ్ళని అడుగుతున్నా. మేం మునిగింది జమ్ము వల్లేనా? కొంత జమ్ము ఉంచి కూడా నీళ్ళు పోయే మార్గం ఉందా? గోడ కడితే నిజంగా ఒడ్డున పడతామా? ఇరిగేషన్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.


ఎఫ్ బ్లాక్, వాంబే కాలనీ:

మేడమ్, మీ మీద గౌరవం ఉంది. కానీ మా అమ్మని రెండు నీళ్ళ డ్రమ్ముల మీద తలుపు చెక్క కట్టి, దాని మీద కూర్చోబెట్టి మెయిన్ రోడ్డు దాకా నెట్టుకుపోయాం. జమ్ముకోళ్ళకి రెక్కలున్నాయి. మా అమ్మకి మోకాళ్ళే సరిగ్గా లేవు.

నీళ్ళు వచ్చిన రోజు కన్నా పోకుండా నిలబడిన రోజులు ఎక్కువ బాధపెట్టాయి. పైన హెలికాప్టర్లు, డ్రోన్లతో పులిహోర పొట్లాలు, కింద కంపు. వంతెన దగ్గరికి వెళ్ళి చూస్తే గుర్రపుడెక్క, ప్లాస్టిక్, తుమ్మ కంప, చచ్చిన గేదె, అన్నీ కలిసి ఖానాలకి అడ్డం. ఇవతల నీళ్ళు గుండె లోతు, అవతల నడుం లోతు. అది నేను కళ్ళారా చూశా. కాబట్టి చెత్త తీయడానికి కూడా ఇంత చర్చ దేనికో నాకర్థం కాదు. నేను పెట్టేశా సంతకం.


లాకుల మాస్టారు:

అమ్మా, నేను కృష్ణా డెల్టాలో ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరైనవాణ్ణి. మీ మూడు ప్రశ్నలకీ నాకు తెలిసినంత చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ వరద ఎలా వచ్చిందో చూడండి. బుడమేరు పుట్టేది మైలవరం వైపు కొండల్లో. దాన్ని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్ళింపు కాలువ, అంటే బీడీసీ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతాం. మీరంతా పవిత్ర సంగమం అంటారే, అక్కడ. పట్టిసీమ నీళ్ళు వచ్చేదీ ఆ దారినే. ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. బీడీసీ కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. కృష్ణ మామూలుగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఆ సెప్టెంబరు 2న బ్యారేజీకి వచ్చింది 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. కృష్ణ అంత ఎత్తున ఉన్నప్పుడు బీడీసీ నీళ్ళు అందులోకి దిగవు, ఎగదన్నుతాయి. పైనుంచి ఏరు తోస్తోంది, కింద నది తీసుకోవట్లేదు. ఎడమ కట్టకి మూడు గండ్లు పడ్డాయి. పూడ్చడానికి చివరికి సైన్యం కూడా వచ్చింది. ఆ నీళ్ళు పల్లం వెతుక్కుంటూ పాత బుడమేరు దారి పట్టాయి. ఆ దారిలో మీ ఇళ్ళున్నాయి.

కాబట్టి మీ ఇంటికి నీళ్ళు రావడానికి జమ్ము కారణం కాదు. వచ్చిన నీళ్ళు పోవడానికి ఆలస్యం కావడంలో దానికి కొంత వాటా ఉంది. ఎంత వాటా అన్నది చెట్టుని బట్టి, అది ఉన్న చోటుని బట్టి ఉంటుంది.

కాలువ గరుకుదనానికి మా లెక్కల్లో ఒక అంకె ఉంటుంది, మానింగ్ ఎన్ అంటాం. కాంక్రీటు కాలువకి 0.015 దగ్గర్లో వేసుకుంటాం, శుభ్రంగా ఉన్న మట్టి కాలువకి 0.025 దగ్గర్లో, ఒత్తుగా పొదలు పెరిగిపోయిన దానికి 0.08, ఒక్కోసారి ఇంకా పైన. వెడల్పు, లోతు, వాలు అవే ఉండి ఆ అంకె మూడింతలైతే నీళ్ళు మూడో వంతే పోతాయి. ఎఫ్ బ్లాక్ గారి కోపంలో న్యాయం ఉంది అనేది అందుకే. అయితే ఇది కాలువ అంతా, అడుగు మధ్య కూడా పెరిగిపోయినప్పటి మాట. ఒక పక్క ఒడ్డున పట్టీలా జమ్ము ఉండి మధ్యలో శుభ్రంగా ఉంటే నష్టం చాలా తక్కువ. జమ్ము వరద తోపుకి పడుకుంటుంది, మీద నుంచి నీళ్ళు పోతాయి. సర్కారు తుమ్మ పడుకోదు. అది నిలబడి గుర్రపుడెక్కని, కొబ్బరి మట్టల్ని, సంచుల్ని పట్టుకుని చిన్న ఆనకట్ట కట్టేస్తుంది. అందుకని తుమ్మ ఏటి గర్భంలో ఒక్కటి కూడా ఉండకూడదు. గుర్రపుడెక్క ఎక్కడా ఉండకూడదు. మీ పిట్టలకీ చేపలకీ కూడా దానివల్ల ఒరిగేదేం లేదు, నీళ్ళకి ఎండా గాలీ తగలనివ్వదు. వంతెనలకి, తూములకి ఎగువ వంద మీటర్లు, దిగువ వంద మీటర్లు పూర్తిగా శుభ్రం చేయాలి. అక్కడ జమ్మును కూడా వదలొద్దు.

ఇక గోడ. కృష్ణలంక గోడ పనిచేసింది, అందులో అనుమానం లేదు. రాణిగారితోట, తారకరామనగర్ వాళ్ళు ప్రతి వరదకీ మూటా ముల్లె సర్దుకునేవాళ్ళు, ఆ ఏడు ఇళ్ళలోనే ఉన్నారు. కానీ అక్కడ గోడకి అవతల కిలోమీటరు వెడల్పున నది ఉంది. బుడమేరు మీ కాలనీల నడుమ నుంచి పోయే ఏరు. మీ వీధుల్లో పడిన వాన కూడా అందులోకే పోవాలి. రెండు పక్కలా గోడ లేపితే ఆ వాన గోడకి ఇవతలే ఆగుతుంది. ప్రతి మురుగు కాలువకీ షట్టర్ పెట్టాలి, ఏరు పొంగినప్పుడు షట్టర్ దించి మోటార్లతో తోడాలి. ఆ మోటార్లు అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ఆడాలి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు చేసినవాడిగా చెబుతున్నా, నాకు గోడ మీద నమ్మకం ఉంది, మోటారు మీద లేదు.

ఆ ఏరుకి కావాల్సింది వెడల్పు. బీడీసీని 37,500 క్యూసెక్కులకి పెంచాలన్న ప్రతిపాదన ఎప్పటినుంచో ఉంది. వరద తర్వాత ఆపరేషన్ బుడమేరు అని ఆక్రమణల సర్వే మాట కూడా వచ్చింది. జమ్ము పీకడం తేలిక, ఎవరూ కోర్టుకి వెళ్ళరు. మీ అర్జీలో జమ్ము గురించి ఉంది గానీ ఏటి హద్దు రాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు చూశారా.


నందివాడ పొలం గట్టు:

బెజవాడోళ్ళు మాట్లాడుకుంటంటే మధ్యలో వచ్చా, ఏమనుకోకండి. మీరు కాంక్రీటు పోసి జారుడుబల్ల చేసి తోసేసే నీళ్ళు ఎటు పోతాయో ఎవరూ అనట్లేదేంటి? ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కింద సొరంగం ఉంది, యూటీ అంటాం, దాంట్లోంచి దూరి మా మీదకే వస్తాయి. ఆ యూటీలో పట్టినన్నే పడతాయి, మిగతావి మళ్ళీ మీ వైపే ఎగదన్నుతాయి.

అక్కణ్ణుంచి మా చేల మీదగా కొల్లేరు. బుడమేరొక్కటే కాదు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ అందులోకే. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటి. అరవై కిలోమీటర్ల పైన వంకర్లు తిరిగి సముద్రంలో కలవాలి. పోటు మీదున్నప్పుడు సముద్రం తీసుకోదు. ఆ ఏడు పిలకలేసే చేను వారం పైన నీళ్ళలో ఉంది. ఎకరానికి పెట్టిన పెట్టుబడి కుళ్ళి కంపు కొట్టింది.

కొల్లేరు పదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి పదడుగుల ఎత్తు దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరుకి 308. ఆ ఐదు దాకానే 1999లో అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చి నీళ్ళకి దారిచ్చారు. తర్వాత మళ్ళీ గట్లు లేచినయ్. మా మేనమామలకీ ఉన్నాయి చెరువులు, నిష్ఠూరమైనా చెప్తన్నా. ప్రతి గట్టూ నీళ్ళుండాల్సిన చోటు కొంత తినేస్తది. అంటే పైన మీరు తొందరగా పంపిస్తారు, కింద మేం ఉండనివ్వం. ఇంకెక్కడికి పోవాలి అవి?

కాబట్టి మీ ఊళ్ళో ఆ జమ్ము నీళ్ళని రెండు గంటలు ఆలస్యం చేస్తే మాకు రెండు గంటలు కలిసొస్తది. కొల్లేటి ఆటపాకలో గూడబాతులు బావున్నాయని ఫొటోలు తీసుకోవడానికి వస్తారు కదా మీరందరూ, అవి బతికేది మీరు పంపే ఆ నీళ్ళ మీదే.


గుంటూరు దుర్భిణి:

పిట్టల వైపు నుంచి నాలుగు మాటలు. మాది గుంటూరు, ఆదివారమైతే ఉప్పలపాడు చెరువు దగ్గర ఉంటాను.

మాస్టారు సర్కారు తుమ్మ ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. ఉప్పలపాడులో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెట్టేది ఆ తుమ్మల మీదే. కానీ అది నిలవ నీటి చెరువు, చుట్టూ ఊరివాళ్ళు కాపలా. పారే ఏటిలో తుమ్మ తీయమంటే నాకు అభ్యంతరం లేదు, గట్టుకి అవతలి పక్క ఉన్నవి మాత్రం వదిలేయండి.

అసలు గొడవ క్యాలెండరులో ఉంది. జమ్ముకోడి, బుడుబుంగ, గిజిగాడు, ఇవన్నీ వానాకాలం పిట్టలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాటి గూళ్ళు, గుడ్లు, పిల్లలు. వరద పని కూడా తొలకరికి ముందే అయిపోవాలి కదా? ఫిబ్రవరి నుంచి మే నడిమి దాకా పని చేస్తే పిట్టకీ మంచిది, మనిషికీ మంచిది. జరిగేది వేరు. టెండరు వేసవిలో పిలుస్తారు, అగ్రిమెంటు మే చివర్లో, మిషన్ దిగేది జూన్‌లో. సరిగ్గా గుడ్లు పెట్టిన వారానికి పొక్లెయిన్ వస్తుంది. తీసిన మట్టి గట్టు అంచునే పోస్తారు, మొదటి పెద్ద వానకి అది మళ్ళీ ఏట్లోకే దిగుతుంది. బిల్లు మాత్రం క్యూబిక్ మీటర్ల లెక్కన పాసవుతుంది.

వేసవి పనిలో ఒక చిక్కుంది, టీచరమ్మ గారు చూసిందే. ఆ తాబేళ్ళు ఎండల్లో బురదలో పూడుకుని నిద్రపోతాయి. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నవి అవి, పులితో సమానం. వాటికోసం అర కిలోమీటరుకో మడుగు ముట్టుకోకుండా వదలాలి. ఒక ఏడు ఒక పక్క తీసి, మరుసటి ఏడు రెండో పక్క తీస్తే ఇంకా మంచిది. జమ్ము దుంప నుంచి మళ్ళీ లేస్తుంది, ఆలోగా పిట్టలు పక్కకి సర్దుకుంటాయి.

ఇంకో సంగతి. కొల్లేరుకి అభయారణ్యం చట్టం ఉంది, 2002 నుంచి రామ్సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చోటు ఉంది. బుడమేరుకి అలాంటిదేం లేదు. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో నదీ ప్రవాహ మార్గాల్ని మినహాయించారు. కాబట్టి ఎవరో వచ్చి ఆపుతారనుకోవద్దు. ఏది ఉంచాలో ఎస్టిమేట్‌లోనే రాయించుకోవాలి. ఎస్టిమేట్‌లో లేనిది మిషన్‌కి కనపడదు.

మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు. వాళ్ళ ఇసార్ నది ఊరి మధ్యలో ఎనిమిది కిలోమీటర్లు ఇలాగే కాంక్రీటు కట్టల మధ్య బిగించి ఉండేది. 2000 నుంచి 2011 దాకా పనిచేసి ఆ కాంక్రీటు తీసేశారు, నదిని వెడల్పు చేశారు, వెనకున్న కట్టల్ని బలపరిచారు. ఇప్పుడు గులకరాళ్ళ ఒడ్డున పిల్లలు ఆడుకుంటున్నారు, వరద భద్రతా పెరిగింది.


లాకుల మాస్టారు:

దుర్భిణి గారూ, క్యాలెండరు మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నా సర్వీసులో జూన్‌లో మొదలైన పూడికతీతలు ఎన్నో చూశాను, ఎం-బుక్, అంటే పని కొలతల పుస్తకం రాసేవేళకి కాలువలో నీళ్ళు వచ్చేసేవి, కొలిచేదేముంది. మ్యూనిక్ మాత్రం మనకి అతకదు. వాళ్ళకి నదికీ కట్టకీ మధ్య గడ్డి మైదానం మిగిలి ఉంది. మనకి అక్కడ డోర్ నంబర్లు, కరెంటు మీటర్లు, ఇంటి పన్ను రసీదులు ఉన్నాయి. ఆ రసీదులు ఇచ్చినవాళ్ళ సంగతి ఇక్కడొద్దు.

అయినా వెడల్పు ఉన్న చోట ఒకటి చేయొచ్చు. మధ్యలో లోతుగా ఒక పాయ, పక్కన కాస్త ఎత్తున మెట్టు. మామూలు రోజుల్లో నీళ్ళు పాయలోనే ఉంటాయి, వరదొస్తే మెట్టెక్కుతాయి. జమ్ము ఆ మెట్టు మీద ఒక పక్కన ఉంటుంది. అడుగంతా బల్లపరుపుగా చెక్కితే వేసవిలో చీలమండ లోతు మురుగు పరుచుకుని దోమలు పెరుగుతాయి, రెండేళ్ళలో మేట వేసి మొత్తం జమ్మే అవుతుంది. కాబట్టి అర్జీలో "అడుగు చదును చేయాలి" అన్న మాట తప్పకుండా కొట్టేయించండి.


రెండో వీధి టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం సంఘం ప్రెసిడెంటు గారి ఇంటికి ఈ చర్చ ప్రింటు తీసుకుని వెళ్ళాను. ఆయన మొదట విసుక్కున్నారు, తర్వాత మాస్టారు చెప్పిన మోటార్ల సంగతి చదివి "మరి మన వీధి నీళ్ళు ఎటు పోతాయి?" అని ఆయనే అడిగారు. కొత్త అర్జీ రాయడానికి ఒప్పుకున్నారు. చిత్తు ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"ఏటి హద్దులు సర్వే చేసి రాళ్ళు పాతించగలరు. సర్కారు తుమ్మ, గుర్రపుడెక్క పూర్తిగా తొలగించగలరు. వంతెనలు, తూముల దగ్గర ఎగువన దిగువన వంద మీటర్లు ఏ మొక్కా లేకుండా ఉంచగలరు. మిగతా చోట్ల జమ్ము ఒక ఏడు ఒక పక్క మాత్రమే తీయగలరు. మధ్య పాయ లోతు చేసి, పక్క మెట్టు, వేసవి మడుగులు అలాగే ఉంచగలరు. తీసిన పూడిక గట్టు మీద కాక వేరే చోటికి తరలించగలరు. గోడ విషయం మా వీధుల మురుగు నీటి లెక్కతో కలిపి చూసిన తర్వాతే నిర్ణయించగలరు. పని మే నెలలో ముగించగలరు."

నందివాడ వారి మాట ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎనికేపాడు యూటీ సామర్థ్యం చూడకుండా పైన వేగం పెంచవద్దని ఒక వాక్యం చేర్చమంటారా?


నందివాడ పొలం గట్టు:

చేర్చండి. కింద మా ఊరి పేరు కూడా రాయండి, మేమూ సంతకాలు చేసి పంపుతాం. మీ ఒక్క కాలనీ అర్జీ కన్నా రెండు చివర్ల నుంచి వస్తే ఆఫీసులో ఫైలు కదుల్తది.


ఎఫ్ బ్లాక్, వాంబే కాలనీ:

మేడమ్, "మే నెలలో ముగించగలరు" అంటే వాళ్ళు మే 31న రిబ్బన్ కట్ చేస్తారు. తేదీ వేయండి: మే 15. ఆ తేదీ దాటి తీసిన పూడికకి బిల్లు ఇవ్వొద్దని కూడా రాయండి. వంతెన దగ్గర చెత్త మాత్రం వానాకాలంలో వారానికోసారి తీయాలి, దానికి పిట్టల లెక్క చెప్పి ఆపకూడదు, అది విడిగా రాయండి. ఈ రెండూ పెడితే పాత కాగితం మీద నా సంతకం కొట్టేసి దీని మీద పెడతా. మా బ్లాకులో కాగితం నేనే తిప్పుతా, ఆదివారం పొద్దున పంపించండి, అప్పుడైతే అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు.